నక్కవాగుకు రేపటి కథ

పటాన్‌చెరు నేపథ్యంలో రాసిన కథ చేతికొస్తే రెండో పేజీ తిప్పకముందే పాఠకుడు ముగింపు పట్టేస్తాడు. వాగు మీద నురగ, తేలిన చేపలు, బోరులోంచి రంగు నీళ్లు, ఈసుకుపోయిన బర్రె, చివర ఆస్పత్రి వరండాలో ఒక ఏడుపు. ఇవి అబద్ధాలు కావు, వీటి అవసరం తీరిపోనూ లేదు. అయితే ఒక నేలను ఎప్పుడూ బాధితురాలిగానే చూపిస్తూ పోతే, దానికి రేపనేది ఒకటుందన్న సంగతి రాసేవాళ్లూ మరిచిపోతారు, చదివేవాళ్లూ మరిచిపోతారు. సోలార్‌పంక్ అని పేరుపడ్డ కథాప్రక్రియ ఆ రేపటి గురించి మాట్లాడుతుంది. ఎండనీ గాలినీ వాడుకుంటూ, చెడినదాన్ని బాగుచేసుకుంటూ, పెత్తనాలు తగ్గించుకుని మనుషులు ఎలా బతకగలరో ఊహించడం దాని పని. ఆ రచయితల్లో చాలామంది ప్రచురణకర్తల కోసం ఎదురుచూడకుండా సొంతంగా రాసి, ఎవరైనా చదువుకోండి, పంచుకోండి అని వదిలేస్తున్నారు. ఈ రెండు అలవాట్లూ పటాన్‌చెరు ఉన్న సంగారెడ్డి జిల్లాలో పనికొస్తాయా అన్నది ఇక్కడి ప్రశ్న. పనికొస్తాయి గానీ రెండు మార్పులతోనని నా వాదన. ఇక్కడి సోలార్‌పంక్ పచ్చదనం కథగా కాక మరమ్మతు కథగా మొదలవ్వాలి. దాన్ని పంచడం దానంలా కాక విత్తనం బదులిచ్చినట్టు జరగాలి.

ముందు మరమ్మతు దేనికో చూద్దాం. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి వరసగా పారిశ్రామికవాడలయ్యాయి. వాటిలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలే పెద్ద వాటా. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల్లో కలిసి మంజీరకు చేరాయి. హైదరాబాదుకు దశాబ్దాలుగా తాగునీళ్లిచ్చిన నది ఆ మంజీరే. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కి, అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీళ్లను పరీక్షించిన స్వీడన్ పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. ఒక్కరోజులో అక్కడి నుంచి పోయిన మందు స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడుకునేంత. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన 43 చోట్లలో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. అదే కాలంలో 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఈ నీళ్లను అంబర్‌పేట వైపు మళ్లించారు. వాగు గోడు మూసీకి బదిలీ అయిందన్నమాట! మందుల కంపెనీల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది, 2021లో ఖరారైన నిబంధనల్లో ఆ పరిమితులు కనిపించలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పొట్టకూటికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ.

ఇలాంటి చోట ఆశావహమైన కథ రాయడం శవం పక్కన పెళ్లిపాట పాడటమేనని ఎవరైనా అంటే, ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేం. సోలార్‌పంక్ పేరుతో తిరిగే బొమ్మలు చూస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. అద్దాల మేడలకు పాకిన తీగలు, డాబాల మీద తోటలు, తెల్లగా మెరిసే గాలిమరలు కనిపిస్తాయి. మేడ కడిగే మనిషి కనిపించదు, తీగకు నీళ్లు ఎక్కడివో తెలియదు. మన రియల్ ఎస్టేట్ ప్రకటనల్లోని విల్లాలకీ వాటికీ తేడా పట్టుకోవడం కష్టం. అయితే ఆ బొమ్మలు ప్రక్రియకు పైపూత మాత్రమే. పేరులోని రెండో సగాన్ని పట్టించుకోవాలి. పంక్ అంటే పెత్తనానికి తలొంచని మొండితనం. సైబర్‌పంక్ కథలు కంపెనీల చీకటి రాజ్యాన్ని చూపించి అక్కడే ఆగాయి. 2008 ప్రాంతంలో పుట్టిన సోలార్‌పంక్ అనే మాట, ఆ చీకటికి లొంగిపోవడం కూడా ఒకరకం సోమరితనమేనని ఎదురుతిరిగింది. ఆ పేరుతో తొలి కథాసంకలనం 2012లో బ్రెజిల్‌లో, పోర్చుగీసు భాషలో వచ్చింది. ఇంగ్లీషు అనువాదానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి ఇదేదో అమెరికా నుంచి దిగుమతైన సరుకని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

దిగుమతి అన్న మాటకు ఇంకో జవాబు మన ఇంట్లోనే ఉంది. ఎండ వేడితో వంట చేసుకునే ఊరు, మేఘాల నుంచే నీళ్లు పట్టుకునే శాస్త్రవేత్తలు, ఎండనే ఆయుధంగా చేసుకుని శత్రుసైన్యాన్ని తరిమిన ఆడవాళ్లు. ఇదంతా 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా హుసేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ. అది మొదట అచ్చయింది మద్రాసు నుంచి వెలువడిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు ఆడపడుచు. అంటే ఈ ప్రక్రియకు పేరు పుట్టడానికి నూరేళ్ల ముందే దాని తొలి కథల్లో ఒకటి తెలుగామె చేతిమీదుగా లోకంలోకి వచ్చింది. మన సాహిత్య చరిత్రల్లో ఈ సంగతి మూలన పడి ఉండటం విచిత్రమే.

సౌరశక్తి ఒక్కటే చాలదని తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. కర్ణాటకలో తెలుగు మాట్లాడే తాలూకా పావగడ. అక్కడ దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. భూమి కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలై కొన్నేళ్లకోసారి పెరిగే కౌలు. వానలు మొహం చాటేసిన ఊళ్లలో భూమి ఉన్న రైతుకు అది నిలకడైన రాబడి. భూమి లేని కూలీకి మాత్రం ఎకరాలన్నీ పలకల కిందికి పోయాక కలుపు తీసే పనీ లేదు, గొర్రెలు మేపే బీడూ లేదు. కరెంటు శుభ్రమైనదే, పంపకం మాత్రం పాతదే. వెలుగు ఎక్కడి నుంచి వస్తుందని అడిగి ఊరుకుంటే అది విద్యుత్ శాఖ కరపత్రం. ఆ వెలుగు ఎవరి పేరు మీద ఉంది, నష్టం ఎవరి ఖాతాలో రాశారు అని కూడా అడిగితే కథ.

ఈ కొలత పెట్టి చూస్తే పటాన్‌చెరు రేపటి కథలో కర్మాగారం మాయమైపోకూడదు. ఈ నేల మీద తయారయ్యే మందులు లోకమంతటా రోగులకు పోతున్నాయి. షిఫ్టు ముగించుకుని ఇస్నాపూర్ గదుల్లో నడుం వాల్చే కార్మికుడికి కంపెనీ మూతపడటం విముక్తి కాదు, అద్దె బాకీ. కంపెనీలన్నీ అడవులైపోయిన కలను కనేవాళ్లకు జీతం ఇంకెక్కడి నుంచో వస్తుండాలి. మరమ్మతు కథ అడిగేవి కష్టమైన ప్రశ్నలు. యాంటీబయాటిక్ అవశేషాన్ని వాగులో కాక కంపెనీ గోడ లోపలే ఆపడానికి ఎంత ఖర్చవుతుంది, అది మాత్ర ధరలో ఎంత చేరుతుంది, ఆ చేరిన పైసలు ఎవరివ్వాలి? రియాక్టర్ వేడి పెరిగినప్పుడు పని ఆపెయ్యమనే అధికారం కాంట్రాక్టు కార్మికురాలికి ఉంటే ఆ రాత్రి ఏం జరుగుతుంది? నక్కవాగు ఒడ్డు బావిలో నీళ్లు తాగొచ్చని తేల్చే పరీక్ష ఎవరు చేస్తారు, ఆ కాగితం ఏ గోడకు అంటిస్తారు? పటాన్‌చెరులో రోగుల్ని చూస్తూ చూస్తూ జబ్బుల మూలం వెతుక్కుంటూ కోర్టుల దాకా వెళ్లిన డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాలపాటు అడిగినవి ఇలాంటి ప్రశ్నలే. ఆయన జవాబుదారీ అడిగారు. ఆ జవాబుదారీ ఉన్న ఊరు ఎలా ఉంటుందో చూపించే పని కథకులకు మిగిలింది. ఇలా రాస్తే అది సాహిత్యం కాదు, ప్రణాళిక అనేవాళ్లుంటారు. కథకుడు కారా మాస్టారి ‘యజ్ఞం’ అంతా ఒక అప్పు లెక్క చుట్టూ తిరుగుతుంది. లెక్క ఉన్నందువల్ల ఆ కథ చెడిపోలేదు కదా!

ఈ ఊహకు ఊతం అదే జిల్లాలో ఉంది. పటాన్‌చెరు నుంచి ముంబై హైవే మీద పడమటికి పోతే జహీరాబాద్ వస్తుంది. పక్కనే పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని బలమంతా సంగాల్లో చేరిన ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు. బీడుపడ్డ ఎర్రనేలల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది కలిపి వేసి, విత్తనాలు తామే దాచుకుని, ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద వాటిని ఊరూరా తిప్పే పాత పంటల జాతర నడిపారు. 2008 అక్టోబర్ 15న మాచ్నూర్‌లో సంగం రేడియో మొదలైంది. దేశంలో గ్రామీణ సామాజిక రేడియోలకు అది దారి చూపింది. కెమెరా పట్టి సినిమాలు తీసిన ఆడవాళ్లూ ఈ సంగాల్లో ఉన్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంస్థకు దక్కింది. సోలార్‌పంక్ రచయితలు కలగనే సొంత విత్తనం, సొంత ప్రసారం, సొంత నిర్ణయం ఇక్కడ ఆ మాట ప్రచారంలోకి రాకముందే మొలకెత్తాయి. దీన్ని స్వర్గంగా చూపించనక్కర్లేదు. అదే జహీరాబాద్ ప్రాంతంలో, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలికి కేటాయించారు. కొర్ర చేనూ కర్మాగారం ప్లాటూ ఒకే గట్టుకు అటూఇటూ ఉండబోతున్నాయి. కథకు ఇంతకన్నా మంచి రంగస్థలం దొరకదు.

పంచుకోవడం దగ్గరికి వస్తే ఈ సంగాలే ఇంకో పాఠం చెబుతాయి. విత్తనాల బ్యాంకు నుంచి విత్తనం తీసుకున్న మనిషి పంట వచ్చాక తీసుకున్నదానికి కొంత చేర్చి తిరిగిస్తుంది. ఈ లెక్క తెలంగాణ పల్లెకు కొత్తది కాదు. ‘నాగు’ అనే పేరుతో దొరల గరిసెల నుంచి గింజలు అప్పుతెచ్చి ఒకటికి ఒకటిన్నర కొలిచిన తరాలున్నాయి. నాగు వడ్డీల మీద తిరగబడ్డ చరిత్రా ఉంది. సంగాలు అదే పద్ధతిని బోర్లించాయి. మిగులు దొర గరిసెకు కాక, వచ్చే ఏడు పక్క మనిషి చేనుకు పోతుంది. పటాన్‌చెరులోనే 1972 నుంచి ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వగైరాల నమూనాలు లక్షకు పైగా చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. అడిగిన పరిశోధకులకు నమూనా ఇస్తారు. దాన్ని ఇచ్చిన రూపంలోనే తన సొత్తని హక్కు రాయించుకుని ఇతరులకు అందకుండా చెయ్యకూడదని అంతర్జాతీయ ఒప్పందం షరతు. ఒకే జిల్లాలో ఒకటి చేలో తిరిగే విత్తనం, ఒకటి గదిలో నిద్రపోయే విత్తనం. రెండూ ఉచితమే, రెంటికీ షరతు ఉంది. ఉచితం అంటే విలువలేనిదని అనుకునేవాళ్లు ఈ షరతును గమనించరు.

కథకు ఇలాంటి షరతు రాసే పద్ధతి 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల రూపంలో వచ్చింది. రచయిత పేరు చెప్పి ఎవరైనా అచ్చేసుకోవచ్చు, చదివి వినిపించొచ్చు, అనువదించొచ్చు. మార్చి వాడుకున్నవాళ్లు తమ మార్పునూ అదే షరతుతో లోకానికి వదలాలని రచయిత కోరవచ్చు. సంగం విత్తనం లాగే ఇది కూడా తిరిగొచ్చేటప్పుడు కొంత చేర్చుకుని వస్తుంది. వాణిజ్యానికి వాడొద్దనే మరో షరతు కూడా ఉంది. చాలామంది రచయితలు భయంతో దాన్నే ఎంచుకుంటారు. నా ఓటు దానికి కాదు. బస్టాండు దగ్గర ఇరవై రూపాయలకు చిన్న పుస్తకం వేసి అమ్ముకునేవాణ్ని కూడా ఆ షరతు అడ్డుకుంటుంది. పెద్ద కంపెనీ మన కథను తన పచ్చదనం బ్రోచర్లో వేసుకుంటే ఎలా అన్న భయంలో న్యాయముంది. అయితే మార్పునూ పంచాలన్న షరతు ఉంటే, కథను వంకర తిప్పి వాడినవాళ్లు ఆ వంకరను కూడా బయటపెట్టి పంచాలి. పైగా, రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఇస్తోంది. కృత్రిమ మేధ యంత్రాలు ఉచిత కథల్ని మింగేస్తాయి కదా అనే కొత్త ప్రశ్నకు నా దగ్గర ఊరడింపు లేదు. తాళం వేసిన పుస్తకాలు కూడా వాటి కడుపులోకి పోయాయన్నది నిజం. తాళం వల్ల ఆగిపోయేది చివరికి సంగారెడ్డి డిగ్రీ కాలేజీ విద్యార్థే.

రచయిత తిండి మాటేమిటన్నది అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. ఇంగ్లీషు ఉదాహరణలు ఇక్కడ సగమే సాయం చేస్తాయి. ఎర్నెస్ట్ కాలెన్‌బాక్ ‘ఎకోటోపియా’ను ప్రచురణకర్తలు వరసగా తిప్పికొడితే 1975లో మిత్రులతో కలిసి సొంతంగా అచ్చేసుకున్నాడు, తర్వాత లక్షల ప్రతులు పోయాయి. కోరీ డాక్టరో 2003లో తన తొలి నవలను దుకాణాల్లోకి వచ్చిన రోజే ఉచితంగా కూడా వదిలాడు. అప్పుడతనికి వేరే ఉద్యోగం ఉంది, ఇంగ్లీషుకు ఖండాల నిండా పాఠకులున్నారు. తెలుగులో లెక్క వేరు. మన కథకుల్లో ఎక్కువమంది సొంత డబ్బు పెట్టి అయిదు వందల ప్రతులు వేసి, ఆవిష్కరణ సభలో కొన్ని పంచి, మిగతావి అటక మీద పెట్టుకుంటారు. అమ్మకాల మీద బతికే తెలుగు కథకులు వేళ్ల మీద లెక్కించేంతమంది కూడా ఉండరు. కాబట్టి ఉచితంగా వదిలితే పోయేది రాయల్టీ కాదు, ఎందుకంటే అది వచ్చిందే తక్కువ. అయినా ఉచితంగా రాయగలిగినవాళ్లు జీతమో పెన్షనో ఉన్నవాళ్లేనని, కంపెనీలో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయికి ఆ వెసులుబాటు లేదని ఒప్పుకోవాలి. కథ ఉచితం కావచ్చు గానీ రాసే కాలం ఉచితం కాదు. సంపాదకులు, గ్రంథాలయ సంస్థలు, విశ్వవిద్యాలయాలు రాయడానికి ముందే రచయితకు డబ్బిచ్చి, రాశాక కథను అందరికీ వదిలెయ్యడం మెరుగైన పద్ధతి. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఇలాంటి బహిరంగ లైసెన్సుతోనే తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి పోతున్నాయి. కారా మాస్టారు బహుమతుల డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కట్టిన కథానిలయం వేల తెలుగు కథల్ని చదువుకోవడానికి తెరిచి ఉంచింది. ఇక్రిశాట్ గది లాంటిది మనకు ఉండనే ఉంది. చేలో తిరిగే విత్తనాల సంచే తక్కువైంది.

ఆ సంచి ఇక్కడ ఎందుకు ముఖ్యమో పాశమైలారం గేటు ముందు తెలుస్తుంది. ఒడియా, భోజ్‌పురి, హిందీ, తెలుగు ఒకే టీకొట్టులో వినిపించే చోటు అది. పేలుడులో పోయినవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల తెలుగు చదివేవాళ్లు లేరు. ఈ నేల గురించి తెలుగులో రాసిన రేపటి కథ వాళ్ల భాషల్లోకి పోకపోతే అది సగం ఊరి కథే అవుతుంది. అనువదించాలనుకున్న ఒడియా టీచరు, రేడియోలో చదవాలనుకున్న మాచ్నూర్ గొంతు, గోడపత్రికగా అంటించాలనుకున్న యూనియన్ కార్యకర్త. వీళ్లలో ఎవరూ రచయిత చిరునామా వెతికి ఉత్తరం రాసి జవాబు కోసం కాచుకోరు. మన దేశంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ముప్పై ఏళ్ల రచయిత్రి ఈ ఏడాది నక్కవాగు మీద కథ రాసి ఎనభై ఏళ్లు బతికితే, ఆ కథ అనుమతి అక్కర్లేకుండా జనం చేతికొచ్చేసరికి నూటపదేళ్లు. పుస్తకం మొదటి పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని అచ్చేసే అలవాటు మనకుంది. ఈ కథలకైనా ఆ చోట ‘పేరు చెప్పి పంచుకోండి, మార్చుకుంటే మీదీ పంచండి’ అని వేయించండి.